రాయి వెళ్లిన దారి

ఈజిప్టు వెళ్లేవాళ్లు చాలామంది కైరోలో దిగిన మర్నాడే గీజాకు పోయి పిరమిడ్లు చూస్తారు. దక్షిణానికి బయల్దేరేది ఆ తర్వాతే. మేం అటునుంచి ఇటు వచ్చాం. ముందు అస్వాన్, అక్కడినుంచి నైలు వెంబడి లక్సర్, ఆఖరున గీజా. ఈ వరస మా మావయ్య పెట్టింది. చీమకుర్తి గ్రానైటు క్వారీల్లో మేస్త్రీగా జీవితం గడిపిన మనిషి ఆయన. "కట్టింది చూడ్డానికి తొందరేముందే అమ్మాయ్, రాయి ఎక్కడ తీశారో ముందు అక్కడికి పోదాం" అన్నాడు. ఆయన మాట వినడం వల్ల, వేల ఏళ్ల కిందట గ్రానైటు దిగివచ్చిన దారినే మేమూ దిగివచ్చాం. గని నుంచి గుడికి, గుడి నుంచి సమాధికి. అంతంత రాళ్లను ఆ కాలం మనుషులు ఎలా కదిలించారో తెలుసుకోవాలంటే ఇంతకన్నా మంచి దారి లేదు.

అస్వాన్ దగ్గర నైలు మన తుంగభద్రలాగే బండరాళ్ల మధ్య పాయలుపాయలుగా చీలి పారుతుంది. నీళ్లలో నానిన గుండ్రాళ్లు పైకి నల్లగా నిగనిగలాడుతుంటాయి గానీ, పగిలినచోట లోపలి గులాబి రంగు బయటపడుతుంది. ఉత్తరానికి వెళ్లేకొద్దీ నదికి రెండువైపులా కనిపించేది ఇసుకరాయి, ఆ తర్వాత సున్నపురాయి. మెత్తని రాళ్లవి. రాగి ఉలికి లొంగుతాయి. గట్టి గ్రానైటు కావలసి వచ్చినప్పుడు ఫారోలు ప్రధానంగా ఆధారపడింది ఈ అస్వాన్ మీదే.

ఊరి పక్కనే పాత గని ఉంది. అందులో పడుకునే ఉండిపోయిన ఒబెలిస్కును చూడటానికే మేం వెళ్లింది. ఒబెలిస్కు అంటే నాలుగు పలకలుగా పైకి సన్నబడుతూ పోయి, కొసన చిన్న పిరమిడ్‌తో ముగిసే ఏకశిలా స్తంభం. ఇక్కడున్నది పూర్తయి ఉంటే 42 మీటర్లకు కొంచెం తక్కువ పొడవు, వెయ్యి టన్నులకు పైగా బరువు తూగేది. ప్రాచీన ఈజిప్టులో నిలబెట్టిన ఏ ఒబెలిస్కూ దీనికి సాటిరాదు. దీన్ని తొలిపించింది హత్షెప్సుత్ రాణి అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. అంటే క్రీస్తుపూర్వం 15వ శతాబ్దం. మూడు పక్కలా పని చాలాదూరం సాగాక రాతిలో నెర్రెలు బయటపడ్డాయి. పని ఆపేశారు. అడుగు భాగం ఇప్పటికీ తల్లిబండకు అంటుకునే ఉంది.

పూర్తయిన కట్టడం తనను కట్టిన తీరును దాచేస్తుంది. నునుపు చేసిన గోడ మీద ఉలి గాటు మిగలదు, వాడిన కట్టలూ మెట్లూ తీసేస్తారు, చెత్త ఎత్తి శుభ్రం చేస్తారు. పని ఆగిపోయిన చోట మాత్రం అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. 1922లో ఈ ఒబెలిస్కు చుట్టూ ఇసుక తీయించి, అంగుళం అంగుళం కొలిచి పుస్తకం రాసిన రెజినాల్డ్ ఎంగెల్‌బాక్‌కు ఆ సంగతి బాగా తెలుసు. రాతి చుట్టూ మనిషి దూరేంత వెడల్పున కందకం తవ్వారు. ఆ కందకం గోడలు నున్నగా ఉండవు. పక్కపక్కనే గుంటలు గుంటలుగా, అలలు అలలుగా దిగుతాయి. ఒక్కొక్క గుంట ఒక్కొక్క పనివాడి వాటా. గోడ మీద జేగురుతో గీసిన గీతలున్నాయి. పైఅధికారి మూరకర్ర దించి, ఎవరి వాటా ఎంత లోతు దిగిందో కొలిచి పెట్టిన గుర్తులవి.

కందకంలోకి వంగి చూస్తూ మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఉలి దెబ్బ ఒక్కటి కూడా లేదే" అన్నాడు.

నిజమే. ఆ కాలానికి ఇనుప పనిముట్లు లేవు. రాగి, కంచు ఉలులు గ్రానైటు మీద నిలవవు. గ్రానైటును వాళ్లు చీల్చలేదు, నలిపారు. డోలరైటు అనే నల్లటి, బరువైన రాతి గుండును రెండు చేతులా ఎత్తి కొట్టారు. దెబ్బ దెబ్బకూ గ్రానైటు పొడై రాలుతుంది. పొడిని ఊడ్చేసి మళ్లీ కొట్టాలి. ఎంగెల్‌బాక్ స్వయంగా కొట్టి చూశాడు. గంట పనికి దిగింది కొద్ది మిల్లీమీటర్లే. ఆ గుండ్లు గనిలో ఇంకా పడి ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూసిన మావయ్య, ఇది మన సీమలోనూ తెలంగాణలోనూ నల్ల గ్రానైటు పేరుతో తీసే రాయేనని చెప్పాడు. బళ్లారి దగ్గర సంగనకల్లులో కొత్తరాతియుగం మనుషులు గొడ్డళ్లు చేసుకున్నదీ డోలరైటుతోనే. గట్టి రాయిని లొంగదీయడానికి ఇంకా గట్టి రాయిని వెతుక్కోవడం ఏ నేలమీదైనా మనిషికి తట్టిన ఉపాయమే.

పై పొర తీయడానికి వాళ్లు వాడింది నిప్పు. ఎండకూ గాలికీ పెళుసెక్కిన పై బండ మీద మంట పెట్టి, అది పొరలుగా లేచాక తీసేసేవారు. మా చిన్నప్పుడు వడ్డెర్లు కొండబండ మీద కట్టెలు పేర్చి కాల్చి, పలకలు లేపడం చూసిన తరం మాది. ఇప్పుడు చీమకుర్తిలో కంప్రెషర్లు, డ్రిల్లులు, వజ్రపు పూసలు గుచ్చిన వైరు. మావయ్య తన చేతులతో సుత్తీ ఉలీ పట్టిన రోజుల్నీ చూశాడు, వైరు సా రోజుల్నీ చూశాడు. అందుకే ఆ గుంటల ముందు ఆయనకు ఆశ్చర్యం కన్నా గౌరవం ఎక్కువ కలిగింది.

"రాయి మంచిదో కాదో పై పొర తీసిన రోజే కొట్టి వింటాం. ఖంగుమంటే గట్టిది, మొద్దుగా పలికితే లోపల నెర్రె. వీళ్లూ వినే ఉంటారు. ఇంత పెద్ద బండలో లోపలి నెర్రె పైకి పలకదే అమ్మాయ్."

నెర్రె కనబడ్డాక కూడా వాళ్లు వెంటనే వదిలిపెట్టలేదు. రాయి మీద ఇంకా చిన్న ఒబెలిస్కు కొలతలు గీసిన గుర్తులున్నాయి. పెద్దది పోయినా చిన్నదైనా దక్కుతుందేమోనని చూశారు. ఆ గీతలు చూడగానే మావయ్య ముఖం మారింది. బ్లాకులో నెర్రె పడిన ప్రతిసారీ కొలతలు మార్చి, మిగిలినదాంట్లో ఏమొస్తుందో చూసుకునే పని ఆయన జీవితమంతా చేశాడు. మూడున్నర వేల ఏళ్ల కిందట ఇదే బండ మీద నిలబడి, ఇంతమంది శ్రమ వృథా అని తెలిసీ తాడు పట్టి మళ్లీ కొలిచిన మేస్త్రీ ఎవరో ఉన్నాడు. చరిత్ర పుస్తకాల్లో అతని పేరు లేదు. ఈజిప్టు మొత్తంలో నాకు అందరికన్నా దగ్గరగా అనిపించిన మనిషి అతనే.

అస్వాన్ నుంచి పడవలో కిందికి వచ్చాం. నైలు దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది, గాలి మాత్రం ఎక్కువగా ఉత్తరం నుంచి దక్షిణానికి వీస్తుంది. దిగేటప్పుడు ప్రవాహం మోస్తుంది, ఎక్కేటప్పుడు తెరచాప లాగుతుంది. ఇంతకన్నా గొప్ప రవాణా మార్గం ప్రాచీన ప్రపంచంలో ఇంకెవరికి ఉంది? పైగా ఏటా వేసవి చివర వరద వచ్చి నది పొలాలన్నీ ముంచేసేది. అప్పుడు గని దగ్గరికీ, కట్టడం దగ్గరికీ నీళ్లే నడిచివచ్చేవి. మునిగిన పొలాల్లో పనిలేని రైతులు కూలికి దొరికేవాళ్లు. ఇసుకలో వంద గజాలు లాగడం కన్నా నీటిమీద వంద కోసులు మోయించడం తేలిక అన్నది ఈ కట్టడాలన్నింటికీ పునాది.

లక్సర్‌లో కర్నాక్ గుడి. అక్కడ హత్షెప్సుత్ నిలబెట్టించిన ఒబెలిస్కు ఇప్పటికీ నిలిచి ఉంది. దాదాపు 30 మీటర్ల ఎత్తు, 320 టన్నుల పైచిలుకు బరువు. దాని జోడీ కూలిపోయింది, పైముక్క గుడి కోనేటి గట్టున పడి ఉంది. నిలిచిన దాని పీఠం మీద రాణి చెక్కించిన శాసనంలో, గనిలో ఈ జంటను తొలవడానికి ఏడు నెలలు పట్టిందని రాసి ఉంది. గైడు ఈ మాట చెప్పగానే గుంపులో ఒకరిద్దరు నమ్మలేనట్టు తలాడించారు. మావయ్య మాత్రం వేళ్లమీద లెక్క వేసుకున్నాడు. కందకంలో ఒక్కొక్కడికి ఎంత వాటా, గంటకు ఎంత దిగుతుంది, అలసినవాడి స్థానంలో ఎంతమంది మారాలి. "మనుషులు చాలినంతమంది ఉండి, కూడు వేళకు వస్తే అవుద్ది" అన్నాడు. ఆ 'కూడు' అన్న మాట బరువు నాకు గీజాకు వెళ్లాక గానీ పూర్తిగా తెలియలేదు.

పడవ మీద ఒబెలిస్కు ఎలా పోయిందో చూడాలంటే నదికి అవతల దేర్ అల్-బహ్రీలోని హత్షెప్సుత్ గుడికి వెళ్లాలి. కింది వసారాలో అరిగిపోయిన చిత్రాలు. పెద్ద బల్లకట్టు లాంటి ఓడ మీద రెండు ఒబెలిస్కులు పడుకోబెట్టి ఉంటాయి, ముందు మూడు వరుసల్లో పడవలు దాన్ని లాగుతుంటాయి. ఇక నిలబెట్టడం. ఒబెలిస్కు పీఠాల మీద ఒక అంచు వెంట గాడి ఉంటుంది. స్తంభం మొదలు ఆ గాడిలో ఆని, అక్కడినుంచి లేచి నిలబడిందన్నమాట. ఎత్తైన మట్టికట్ట మీదికి దాన్ని లాగి, ఇసుక నింపిన గోతి మీదికి మొదలు వాల్చి, అడుగునుంచి ఇసుక తీస్తూ పోతే అది మెల్లగా గాడిలోకి దిగుతుందని ఎంగెల్‌బాక్ వివరించాడు. 1586లో రోమ్‌లో వాటికన్ ఒబెలిస్కును కొద్ది దూరం జరపడానికి ఇంజనీరు దొమెనికో ఫొంతానాకు వందలమంది మనుషులు, పదుల కొద్దీ గుర్రాలు, రాట్నాలు, కప్పీలు కావలసి వచ్చాయి. లక్సర్ గుడి ముందున్న జంటలో ఒకదాన్ని ఫ్రెంచివాళ్లు పారిస్ తీసుకుపోయి 1836లో నిలబెట్టారు. అందుకోసం ప్రత్యేకంగా ఓడే కట్టారు. ఈ పనులు చూస్తే, హత్షెప్సుత్ మేస్త్రీలకు కప్పీలు లేవన్న సంగతి ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది.

నేలమీద లాగిన తీరుకు మంచి సాక్ష్యం జెహుతిహొతెప్ అనే అధికారి సమాధిలోని గోడచిత్రం. మేం ఆ సమాధి దగ్గరికి వెళ్లలేదు, చిత్రం నకలు చూశాం. స్లెడ్జి, అంటే చక్రాల్లేని ఈడ్పుబండి, మీద కూర్చున్న పెద్ద విగ్రహాన్ని నాలుగు వరుసల్లో మనుషులు మోకులు పట్టి లాగుతుంటారు. మొత్తం 172 మంది. విగ్రహం ఒడిలో నిలబడి ఒకడు చప్పట్లతో తాళం వేస్తాడు. స్లెడ్జి ముందు అంచున నిలబడి ఒకడు కుండతో ఇసుక మీద నీళ్లు పోస్తుంటాడు. ఆ నీళ్లు పూజ తంతు అని చాలాకాలం అనుకున్నారు. 2014లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం భౌతిక శాస్త్రవేత్తలు ప్రయోగం చేసి, ఇసుకను తగుపాళ్లలో తడిపితే లాగడానికి కావలసిన బలం సగానికి తగ్గుతుందని తేల్చారు. పొడి ఇసుక స్లెడ్జి ముందు కుప్పపడుతుంది, తడి ఇసుక గట్టిపడి దారి ఇస్తుంది. నీళ్లు ఎక్కువైతే మళ్లీ కూరుకుపోతుంది. ఆ కుండ పట్టినవాడికి ఎంత పోయాలో తెలుసు. సగం మందితో పని జరిపించింది అతని చేయి.

కైరో దారిలో దహ్షూర్‌లో ఆగాం. గీజా మహా పిరమిడ్ కట్టించిన రాజు ఖుఫు. అతని తండ్రి స్నెఫెరు కట్టించిన వంగిన పిరమిడ్ ఇక్కడుంది. కిందినుంచి 54 డిగ్రీల వాలుతో లేచి, దాదాపు సగం ఎత్తులో 43 డిగ్రీలకు వాలిపోతుంది. అడుగు నేల మెత్తన. బరువు పడేసరికి లోపలి గదులు నెర్రెలిచ్చాయి, దేవదారు దూలాలు అడ్డం పెట్టి నిలబెట్టుకున్నారు. బరువు తగ్గించడానికి వాలు మార్చారు. తర్వాత పక్కనే ఎర్ర పిరమిడ్‌ను మొదటినుంచే 43 డిగ్రీలతో కట్టారు. ఖుఫు పిరమిడ్ ఆకాశం నుంచి ఊడిపడలేదనడానికి నాకు ఇంతకన్నా నమ్మకమైన రుజువు అక్కర్లేదు. తండ్రి కాలంలో పగిలినదాన్ని చూసి నేర్చుకున్న చేతులే కొడుకు కాలంలో తిన్నగా కట్టాయి.

గీజాలో మహా పిరమిడ్ ముందు నిలబడితే లెక్కలు వాటంతట అవే మొదలవుతాయి. కట్టినప్పుడు 146 మీటర్లకు పైన ఎత్తు, ఒక్కొక్క పక్క 230 మీటర్లు, దాదాపు 23 లక్షల రాళ్లు. ఇరవై ఏళ్లలో కట్టారనుకుంటే రోజుకు 315 రాళ్లు. రోజుకు పది గంటల పని అనుకుంటే ఇంచుమించు రెండు నిమిషాలకొక రాయి తన చోట కూర్చోవాలి. పునాది నాలుగు పక్కలా ఎత్తులో తేడా రెండు సెంటీమీటర్ల పైచిలుకు మాత్రమే. లోపల ఇరుకు దారిలో వంగి, పైకి ఎక్కి, రాజుగారి గదిలోకి వెళ్తే అస్వాన్ గులాబి గ్రానైటు మళ్లీ ఎదురైంది. పైకప్పుగా తొమ్మిది దూలాలు. ఒక్కొక్కటీ పదుల టన్నులు. దాదాపు 900 కిలోమీటర్లు నదిలో వచ్చి, ఇంత ఎత్తుకు ఎక్కిన రాళ్లు. మావయ్య గోడకు చెయ్యి ఆనించి, రెండు రాళ్ల మధ్య అతుకు వెతికాడు. చాలాసేపు వెతికాడు.

రాళ్లను పైకి చేర్చింది ఏటవాలు కట్టల మీదుగానే. అవి తిన్నగా ఉండేవా, పిరమిడ్ చుట్టూ తిరిగేవా అన్నదాని మీద పండితుల్లో వాదం ఉంది. 2018లో హత్నూబ్ గనిలో ఖుఫు కాలం నాటి కట్ట ఒకటి బయటపడింది. బాగా ఏటవాలైన కట్ట, రెండు పక్కలా మెట్లు, కర్రలు పాతిన గుంతలు. ఆ కర్రలకు మోకులు చుట్టి, పైనుంచి కొందరు కింది నుంచి కొందరు లాగేవాళ్లని తవ్వినవాళ్లు చెప్పారు.

పిరమిడ్ బయట ఒకతను ఫోన్‌లో వీడియో చూపిస్తూ, ఇవి మనుషులు కట్టినవి కావని, వేరే గ్రహం వాళ్ల పని అని తన పిల్లలకు చెప్తున్నాడు. నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ వస్తుంది. ఒక మనిషి జీవితమంతా వంగి చేసిన పనిని ఇంకెవరికో కట్టబెట్టడం కూడా ఒక దోపిడీయే. ఆ పని చేసినవాళ్లు ఎక్కడున్నారో తెలియనిది కూడా కాదు. పిరమిడ్లకు దక్షిణంగా నడిస్తే, కాకిగోడ అనే పెద్ద రాతిగోడ అవతల వాళ్ల ఊరు ఉంది. మార్క్ లేనర్ బృందం ఏళ్ల తరబడి అక్కడ తవ్వింది. రొట్టెలు కాల్చిన వంటశాలలు, పెద్ద పెద్ద మట్టి మూసలు, పొడవాటి సావిళ్లు, గుట్టలుగా పశువుల, గొర్రెల, మేకల ఎముకలు దొరికాయి. రొట్టె, బీరు, ఉల్లి మాత్రమే కాదు, మాంసమూ పెట్టారు. 1990లో ఒక గుర్రం కాలు మట్టిగోడకు తగిలి తూలడంతో కొండవాలున పనివాళ్ల సమాధులు బయటపడ్డాయి. జాహి హవాస్ వాటిని తవ్వించారు. రాజు సమాధి నీడలో, తమ కోసం తామే కట్టుకున్న చిన్న చిన్న సమాధులు. అస్థిపంజరాల్లో వెన్నెముకలు అరిగిపోయి ఉన్నాయి. విరిగిన చేతులకు కట్టు కట్టి, తిన్నగా అతికించిన గుర్తులూ ఉన్నాయి.

లక్షమంది పనిచేశారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. ఊరి విస్తీర్ణం, వంటశాలలు చూసిన లేనర్, హవాస్ వంటివాళ్ల అంచనా 20, 30 వేలకు మించదు. వాళ్లు సినిమాల్లో చూపే గొలుసుల బానిసలు కారు. అలాగని అందరూ భక్తితో ఇష్టపడి వచ్చారని చెప్పడమూ నాకు ఇష్టం లేదు. రాజ్యం పిలిస్తే రాకుండా ఉండగలిగిన రైతు ఎంతమంది? వెట్టి వెట్టే. ఆ వెట్టిలోనే ముఠాలు కట్టుకున్నారు, ముఠాలకు పేర్లు పెట్టుకున్నారు. రాజుగారి గది పైన, ఎవరూ చూడని చీకటి అరల్లో జేగురుతో రాసుకున్న పేర్లున్నాయి. ఒక ముఠా పేరు 'ఖుఫు మిత్రులు'. మెన్కౌరే అనే రాజు పిరమిడ్ దగ్గర ఒక ముఠా 'మెన్కౌరే తాగుబోతులు' అని రాసుకుంది.

ఆ ముఠాల్లో ఒకదాని రోజువారీ పని రాత రూపంలో దొరికింది. 2013లో పియెర్ తల్లే బృందం ఎర్రసముద్రం ఒడ్డున వాదీ అల్-జర్ఫ్‌లో కొండను తొలిచిన గుహల దగ్గర పపైరస్ ముక్కలు కనుక్కుంది. రాత ఉన్న పపైరస్‌లలో ఇప్పటిదాకా దొరికినవాటిలో ఇవే పాతవి. రాసినవాడు మెరెర్ అనే అధికారి. అతని కింద దాదాపు నలభై మంది. ఖుఫు పాలన చివరి ఏళ్లు. నైలుకు అవతల తూరా గనుల్లో తెల్లని సున్నపురాయి పడవకు ఎత్తించడం, నదిలో, కాలవల్లో గీజాకు తేవడం, దించడం, మళ్లీ తూరాకు పోవడం. పది రోజుల్లో రెండు మూడు సార్లు. ఈ రోజు ఇక్కడ పడుకున్నాం, రేపు అక్కడ ఎత్తాం అన్న ధోరణిలో తప్ప అందులో ఒక్క గొప్పమాట లేదు. పిరమిడ్ కడుతున్నామన్న గర్వం ఎక్కడా పలకదు. తర్వాత ఆ ముఠానే ఎర్రసముద్రపు రేవు పనికి వెళ్లింది, కాగితాలు అక్కడ మిగిలిపోయాయి.

ఆ పపైరస్‌లలో కొన్ని కైరోలో గాజు వెనుక చూశాం. దినచర్యతో పాటు దొరికిన వాటిలో లెక్కల పట్టీలూ ఉన్నాయి. నిలువుగా గళ్లు గీసి, ముఠాకు అందాల్సిన తిండి సరుకులు రాశారు. రావలసింది ఒక గడి, వచ్చింది ఒక గడి, మిగిలిన బాకీ ఒక గడి. మావయ్య గాజుకు ముక్కు ఆనేదాకా వంగాడు. మస్టరు పుస్తకంలో ఆయన రాసినవీ ఈ గళ్లే. కింద రాసి ఉన్న వివరం చదివి చెప్పమన్నాడు. చెప్పాను.

"ఆ బాకీ తర్వాతి నెలలో వాళ్లకు ముట్టజెప్పారా లేదా, అది కూడా రాశారేమో చూడవే" అన్నాడు.